కొబ్బరి తోటలో కొమ్ము పురుగు: పుట్టేది పెంటకుప్పలో, కొరికేది మొవ్వులో

కొబ్బరి తోటలో నడుస్తూ తల పైకెత్తి చూస్తే, విచ్చుకున్న మట్టకు రెండు వైపులా ఆకులు కత్తెరతో కోసినట్టు త్రికోణాకారంలో తెగి కనిపించడం కోనసీమలోనూ, ఉద్దానంలోనూ అందరికీ తెలిసిన దృశ్యమే. అది కొమ్ము పురుగు పని అని చిన్న పిల్లలు కూడా చెబుతారు. అయితే ఆ పురుగు ఎక్కడ పుడుతుందో, ఎన్ని నెలలు ఎక్కడ పెరుగుతుందో, ఏ రోజుల్లో చెట్టు మీదికి వస్తుందో ఆలోచించేవారు తక్కువ. అందువల్ల పోరాటమంతా చెట్టు తలమీదనే సాగుతుంది, పురుగు మాత్రం ఇంటి వెనక పెంటకుప్పలో నిశ్చింతగా పెరుగుతూ ఉంటుంది.

మా తోటలో ముసలి చెట్లు తీసి కొత్త మొక్కలు నాటిన ఏడాది, మోతకూలి కలిసి వస్తుందన్న ఆలోచనతో పశువుల ఎరువును మొక్కల వరుస పక్కనే కుప్ప పోయించాము. ఆ కుప్పను ఏడాది పాటు కదపలేదు. మరుసటి తొలకరి తరువాత వరుసలోని మొక్కలు ఒక్కొక్కటిగా మొవ్వు (తల నడుమ ఉండే లేత చిగురు) వాడి, లాగితే ఊడి చేతికి రావడం మొదలైంది. మందు కొట్టించాము, మళ్ళీ కొట్టించాము, ఫలితం లేకపోయింది. చివరకు ఎరువు చల్లడానికి కుప్ప తవ్వినప్పుడు గాని సంగతి తెలియలేదు. ఈ వ్యాసం ఆ కుప్ప దగ్గర నుంచే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే కొమ్ము పురుగు నివారణలో సగానికి పైగా పని అక్కడే ఉంది.

పురుగు జీవితం

కొమ్ము పురుగు పెంకు పురుగుల వర్గానికి చెందినది. ఈ వర్గంలోని పురుగులకు ముందు రెక్కలు గట్టిపడి వీపు మీద పెంకులా మూసుకొని ఉంటాయి, ఎగరడానికి పనికివచ్చే పలుచని రెక్కలు వాటి కింద మడతపడి ఉంటాయి. దీని శాస్త్రీయ నామం ఒరిక్టెస్ రైనోసెరస్. పెద్ద పురుగు నల్లగా, బలిష్ఠంగా, సుమారు 3.5 నుంచి 5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. తల మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు వెనక్కి వంగిన కొమ్ము ఉంటుంది. మగ పురుగు కొమ్ము సాధారణంగా పొడవుగా, ఆడ పురుగుది పొట్టిగా ఉంటుంది గాని, చిన్న మగ పురుగుల్లో ఈ తేడా స్పష్టంగా తెలియదు. అప్పుడు పురుగును తిరగేసి పొట్ట చివరి భాగం చూడాలి. అక్కడ ఎర్రటి గోధుమ రంగు వెంట్రుకలు ఒత్తుగా ఉంటే అది ఆడది.

ఆడ పురుగు కుళ్ళుతున్న సేంద్రియ పదార్థంలో గుడ్లు పెడుతుంది. పశువుల ఎరువు కుప్ప, కంపోస్టు గుంట, నేలకొరిగి మెత్తబడిన కొబ్బరి దుంగ, చెట్టు నరికిన తరువాత మిగిలిన మొద్దు, కుళ్ళిన కొబ్బరి పొట్టు గుట్ట, ఇవన్నీ దానికి అనువైన చోట్లే. ఒక ఆడ పురుగు తన జీవితకాలంలో 100కు పైగా గుడ్లు పెట్టగలదు. గుడ్డు 8 నుంచి 12 రోజుల్లో పగిలి పిల్ల పురుగు బయటికి వస్తుంది. అది మూడు దశల్లో కుబుసం విడుస్తూ నాలుగైదు నెలల పాటు ఎరువునే తిని పెరుగుతుంది. తరువాత కుప్ప అడుగున గాని, ఆ కింది నేలలో గాని మట్టితో గూడు కట్టుకొని, అందులో మూడు నాలుగు వారాలు తిండి, కదలిక లేని కోశస్థ దశలో గడిపి, పెద్ద పురుగుగా మారుతుంది. పెద్ద పురుగు మరికొన్ని నెలలు బతుకుతుంది.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూస్తే నివారణకు దారి అందులోనే కనిపిస్తుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా పట్టే ఐదారు నెలల కాలమంతా పురుగు ఒకే చోట, మన చేతికి అందే చోట, ఎగరలేని స్థితిలో ఉంటుంది. పైగా కొబ్బరి చెట్టుకు హాని చేసేది పెద్ద పురుగు మాత్రమే. పిల్ల పురుగు చెట్టు జోలికి రాదు. 40 అడుగుల ఎత్తులో మొవ్వులో దాగిన ఒక్క పురుగును పట్టడానికి దింపు కార్మికుణ్ణి ఎక్కించే కంటే, నేల మీద కుప్పలో ఉన్న వంద పిల్ల పురుగులను పార అంచున ఏరడం ఎంతో తేలిక.

కుప్పను తిరగేయడం

కుప్ప తవ్వినప్పుడు పైపొరలో ఏమీ కనిపించకపోతే పురుగు లేదని అనుకోకూడదు. ఎండకు ఎండిన పై జానెడు ఎరువులో పిల్ల పురుగు ఉండదు. పార లోపలికి దిగేకొద్దీ ఎరువు నల్లగా, తడిగా, చేతికి చల్లగా తగులుతుంది. అక్కడ పొడిపొడిగా విడిపోయే ఎరువులో, గింజల్లాంటి లద్దెల మధ్య, ఒళ్ళు ముడుచుకొని అర్ధచంద్రాకారంలో పడుకొని ఉంటుంది. బాగా పెరిగినది మగవాడి బొటనవేలి కంటే లావుగా ఉంటుంది. ఒళ్ళు పాలమీగడ రంగులో, ముడతలు ముడతలుగా ఉండి, వెనక భాగంలో చర్మం కింద తిన్న ఎరువు బూడిదరంగులో కనిపిస్తుంది. తల గట్టిగా, గోధుమ రంగులో ఉంటుంది, తల వెనకే మూడు జతల కాళ్ళు ఉంటాయి. అరచేతిలో పెట్టుకుంటే విప్పుకోవడానికి ప్రయత్నించి మళ్ళీ ముడుచుకొంటుంది.

ఎరువులో కనిపించే ప్రతి తెల్ల పురుగూ కొమ్ము పురుగు పిల్ల కాదు. పూలను ఆశించే కొన్ని పెంకు పురుగుల పిల్లలు కూడా ఎరువులోనే పెరుగుతాయి. అవి పరిమాణంలో చిన్నవి, చదునైన నేల మీద వదిలితే వెల్లకిలా తిరిగి వీపు మీద పాకుతాయి. ఎరువును మెత్తగా చేయడం తప్ప అవి కొబ్బరికి చేసే హాని లేదు. కొమ్ము పురుగు పిల్ల అలా వీపు మీద పాకదు. ఈ చిన్న పరీక్ష చేస్తే అనవసరంగా చంపడం తగ్గుతుంది.

కుప్పను రెండు నెలలకు ఒకసారి, ఎట్టి పరిస్థితిలోనూ మూడు నెలలు దాటకుండా, అడుగు దాకా తిరగేయాలి. పిల్ల పురుగు దశ సాధారణంగా నాలుగైదు నెలలు ఉంటుంది కనుక, ఈ వ్యవధి పాటిస్తే ఒక్క తరం కూడా పూర్తి కావడం కష్టం. తిరగేసే పనిని ఉదయం పెట్టుకొని, కోళ్ళను అక్కడికి వదలాలి. పార కంటే ముందు కోడి ముక్కు పురుగును చేరుతుంది, చిన్న దశలో ఉన్నవి మన కంటికి కనబడనివి కూడా అవి ఏరేస్తాయి. కుప్ప ఎత్తిన తరువాత కింది నేలను కూడా అడుగు, అడుగున్నర లోతు తవ్వి చూడాలి. కోశస్థ దశలోకి వెళ్ళేవి అక్కడికే దిగుతాయి. చాలామంది ఎరువంతా ఎత్తేసి ఈ నేలను వదిలివేస్తారు, తొలకరికి పెద్ద పురుగులు అక్కడి నుంచే లేస్తాయి.

వీలున్నంత వరకు మే నెలలోనే, వర్షాలు పడకముందే, కుప్పలోని ఎరువు మొత్తం తోటకు గాని పొలానికి గాని పరచివేయాలి. కొమ్ము పురుగు ఉధృతి తొలకరి నుంచి వర్షాకాలమంతా ఎక్కువగా ఉంటుంది, గుడ్లు పెట్టే పురుగుకు ఆ రోజుల్లో ఖాళీ గుంట కనబడాలి. కొత్త మొక్కలు నాటిన తోటలో అయితే కుప్ప ఆ దరిదాపుల్లోనే ఉండకూడదు.

కుప్పకు పచ్చ బూజు మందు

కుప్పను తరచుగా తిరగేయడం కుదరని చోట, దుంగలు తొలగించడం సాధ్యం కాని చోట, మెటారైజియం అనిసోప్లియే అనే శిలీంద్రం మంచి సాధనం. ఇది పురుగు చర్మం మీద పడి మొలకెత్తి, చర్మాన్ని చొచ్చుకొని లోపలికి పెరుగుతుంది. వ్యాధి సోకిన పిల్ల పురుగు ఒంటి మీద ముందు గోధుమ రంగు మచ్చలు కనబడతాయి, తరువాత అది తినడం మానేసి చనిపోయి, సుద్దముక్కలా గట్టిపడుతుంది. ఆ మీద తెల్లటి బూజు పట్టి కొద్ది రోజులకు ముదురు పచ్చగా మారుతుంది. అలా పచ్చబడిన పురుగును పారవేయకూడదు. దాని మీద ఉన్నదంతా విత్తనమే, చేతితో నలిపి కుప్పలోనే కలిపితే వ్యాధి మిగతా వాటికి పాకుతుంది.

మోతాదు విషయంలో ఎక్కువమంది పొరపాటు పడతారు. సిఫారసు ఘనపు మీటరు ఎరువుకు 5×10¹¹ శిలీంద్ర బీజాలు, అంటే 50,000 కోట్లు. మార్కెట్లో దొరికే పొట్లాల మీద గ్రాముకు ఎన్ని బీజాలో రాసి ఉంటుంది, అది చూసి లెక్క కట్టాలి. గ్రాముకు 1×10⁹ అని ఉంటే ఘనపు మీటరుకు అర కిలో సరిపోతుంది, 1×10⁸ అని ఉంటే 5 కిలోలు కావాలి. రెండు పొట్లాల ధర ఒకటే అయినా పని పదింతలు తేడా. తయారీ తేదీ, గడువు తేదీ కూడా చూడాలి, ఎందుకంటే ఇది ప్రాణమున్న మందు, ఎండలో పెట్టిన దుకాణంలో నెలల తరబడి ఉన్న పొట్లంలో బీజాలు చచ్చిపోయి ఉండవచ్చు. వాడే ముందు నీటిలో కలిపి, సాయంత్రం పూట, కుప్పలో అక్కడక్కడ గుంటలు చేసి లోపలికి పోసి, మళ్ళీ ఎరువుతో కప్పి, తడి ఆరకుండా చూడాలి. ఆ కుప్పలో శిలీంద్రనాశక మందులు కలపకూడదు. వాడిన మరునాడే ఫలితం కోసం వెతకడం కూడా తగదు, పురుగు పడిపోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. కోనసీమ రైతులకు అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం దగ్గరలోనే ఉంది, జీవ నియంత్రణ సాధనాల గురించి అక్కడ అడిగి తెలుసుకోవడం అన్నిటికంటే మేలు.

ఇక్కడే మరొక జీవ సాధనాన్ని గురించి చెప్పాలి, ఎందుకంటే దాని చరిత్ర కొమ్ము పురుగు ఎంత దూరం వెళ్ళిందో చూపిస్తుంది. మన ఆసియా ఖండానికి చెందిన ఈ పురుగు 1909లో రబ్బరు మొక్కలతో పాటు సిలోను (నేటి శ్రీలంక) నుంచి పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులకు చేరింది. అక్కడ దానికి సహజ శత్రువులు లేక కొబ్బరి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. 1963లో మలేసియాలో అలోయిస్ హ్యూగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పురుగును సహజంగానే ఆశించే ఒక వైరస్‌ను కనుగొన్నారు, 1967లో దాన్ని సమోవాలో విడుదల చేయగా పురుగు ఉధృతి గణనీయంగా తగ్గింది. మన దేశంలో లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో కూడా దీన్ని ప్రయోగించారు. వైరస్ సోకిన పెద్ద పురుగు వెంటనే చనిపోదు. తిండి తగ్గి, గుడ్లు తగ్గి, కొద్ది రోజులు తిరుగుతూ తాను వాలిన ప్రతి కుప్పకూ, ప్రతి మొవ్వుకూ వ్యాధిని మోసుకెళ్తుంది. హెక్టారుకు 10 నుంచి 15 వైరస్ సోకిన పురుగులను వదలాలన్నది సిఫారసు. ఇది ఇంట్లో చేసుకోగల పని కాదు, పరిశోధన స్థానాల ద్వారానే జరగాలి. అయితే ఈ వైరస్ అన్ని చోట్లా ఒకేలా పనిచేయడం లేదు. 2007లో గ్వామ్ దీవిలో బయటపడిన కొమ్ము పురుగు రకం దీనికి లొంగలేదు. ఒకే సాధనం మీద భారమంతా వేయకూడదని నేను అనేది అందుకే.

చెట్టు తలను చదవడం

పెద్ద పురుగు రాత్రి పూట ఎగిరి వచ్చి మొవ్వు మీద వాలుతుంది. లేత మట్టల మొదళ్ళ ఇరుకులో దూరి, ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకులోకి తొలుచుకుంటూ పోతుంది. నమిలి రసం పీల్చుకొని, పిప్పిని రంధ్రం నుంచి వెనక్కి నెట్టివేస్తుంది. మడిచిన కాగితాన్ని ఒక చోట కత్తిరించి విప్పితే రెండు వైపులా ఒకే ఆకారం వచ్చినట్టే, మడిచి ఉన్న ఆకును పురుగు ఒకచోట తొలిస్తే అది విచ్చుకున్నాక రెండు వైపులా త్రికోణపు కోత కనబడుతుంది. కనుక మట్ట మీది కోత పాత వార్త. అది చూసి మందు తెచ్చేసరికి ఆ పురుగు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

ఆ పాత వార్తకు కూడా ఒక ఉపయోగం ఉంది. కాపుకు వచ్చిన కొబ్బరి చెట్టు ఏడాదికి సుమారు 12 మట్టలు వేస్తుంది, అంటే నెలకు ఒకటి. మొవ్వు పక్కన తొలిసారి పూర్తిగా విచ్చుకున్న మట్టను ఒకటిగా లెక్కించి, కోత ఉన్న మట్ట ఎన్నోదో చూస్తే పురుగు ఏ నెలల్లో వచ్చిందో రమారమి తెలుస్తుంది. తోటలో పది చెట్లను ఇలా లెక్కించి పుస్తకంలో రాసుకుంటే, మన తోటలో దాడి ఎప్పుడు ఎక్కువో మనకే తెలుస్తుంది, మరుసటి ఏడాది ఆ నెలకు ముందే జాగ్రత్త పడవచ్చు.

అసలు వెతకవలసిన గుర్తు వేరే ఉంది. మొవ్వు మొదట్లో వేలు పట్టేంత రంధ్రం, దాని నోట్లో తడిగా, లేత రంగులో ఉన్న పిప్పి కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. పిప్పి ఎండి గోధుమ రంగుకు తిరిగితే పురుగు పోయినట్టు. విచ్చుకోని పూ పొత్తిని తొలిస్తే ఆ పొత్తి ఎండిపోయి ఆ గెల దక్కదు. కాపు చెట్టు కొన్ని మట్టలు పోయినా తట్టుకుంటుంది, పొత్తులు పోతే మాత్రం దిగుబడిలో పదో వంతు దాకా నష్టం రావచ్చు. కొబ్బరికి ఉన్నది ఒకే మొవ్వు కనుక, నాటిన మూడేళ్ళ లోపు మొక్కలో పెరిగే చోటు దాకా పురుగు చేరితే మొక్క చనిపోతుంది.

పురుగును తీయడానికి చివర ముల్లులా వంపు తిరిగిన ఇనుప కొంకి కావాలి. కొంకిని రంధ్రంలోకి మెల్లగా దింపుతూ పోతే మెత్తటి పిప్పి దాటిన తరువాత గట్టిగా ఒకటి తగులుతుంది, అదే పురుగు పెంకు. అక్కడ కొంకిని సగం తిప్పి లాగితే పెంకుకు తగులుకొని బయటికి వస్తుంది. తొందరపడి బలంగా పొడిస్తే మొవ్వు మెత్తటి కండకు గాయమై, పురుగు చేసిన నష్టం కంటే మనం చేసిన నష్టం ఎక్కువవుతుంది. కనుక కొత్తవారి చేత ఈ పని చేయించకూడదు. తీసిన తరువాత రంధ్రాన్ని శుభ్రం చేసి, వేప పిండి, ఇసుక కలిపి నింపాలి. వానాకాలంలో ఈ గాయాల ద్వారానే మొవ్వు కుళ్ళు తెగులు కూడా ప్రవేశించే అవకాశం ఉంది. కాయ దింపడానికి చెట్టు ఎక్కిన ప్రతిసారీ మొవ్వు చూసి దిగేలా దింపు కార్మికునితో ముందే మాట్లాడుకొని, దానికి విడిగా కూలి ఇవ్వడం న్యాయం. ఉచితంగా చూడమంటే చూసినట్టు చెప్పి దిగుతారు, తప్పు వారిది కాదు.

మొవ్వును కాపాడుకోవడం

మట్టల మొదళ్ళలో వేప పిండి, ఇసుక వేసే పద్ధతి కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ చాలా కాలంగా చెబుతున్నదే. చెట్టుకు 250 గ్రాముల వేప పిండిని అంతే ఘనపరిమాణంలో ఇసుకతో కలిపి, మొవ్వును ఆనుకొని ఉన్న పై మూడు మట్టల మొదళ్ళలో నింపాలి. మే, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో మూడుసార్లు వేయాలి. వేప వాసన, చేదు పురుగును దూరంగా ఉంచుతాయి, ఇసుక దూరే ఇరుకును మూసివేస్తుంది. మే నెల విడత తొలకరికి ముందే పూర్తి కావాలి. లేత మొక్కల్లో నాఫ్తలీన్ గుళికలు మూడు నాలుగు మట్టల ఇరుకుల్లో పెట్టి పైన ఇసుక వేసి, 45 రోజులకు ఒకసారి మార్చవచ్చు, పిల్లలు తిరిగే పెరట్లో మాత్రం ఇది పెట్టకపోవడమే మంచిది.

చేపల వల ముక్క సముద్రతీర గ్రామాల వారికి దాదాపు ఖర్చు లేని సాధనం. చిరిగి పక్కన పడేసిన సన్నకంటి నైలాను వలను మూరెడు వెడల్పు ముక్కలుగా కోసి, లేత మొక్క మొవ్వు చుట్టూ, మట్టల మొదళ్ళ మధ్య వదులుగా చుట్టాలి. వాలిన పురుగు కాళ్ళ ముళ్ళు దారాల్లో చిక్కుకొని కదలలేకపోతుంది. వారానికి ఒకసారి చూసి, చిక్కిన పురుగులను తీసి చంపి, మొవ్వు ఎదిగిన కొద్దీ వలను పైకి జరపాలి, బిగించి వదిలేస్తే మొవ్వు ఒత్తుకుపోతుంది. కొత్త మొక్కలకు నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే.

ఆముదపు పిండి కుండ మన పెద్దల నాటి పద్ధతి. కిలో ఆముదపు పిండిని 5 లీటర్ల నీటిలో నానబెట్టి, వెడల్పు మూతి మట్టికుండల్లో పోసి తోటలో అక్కడక్కడ నేలమట్టానికి పాతితే, పులిసిన వాసనకు పురుగులు వచ్చి పడతాయి. లింగాకర్షక బుట్టలు ఇంతకంటే బలమైనవి. మగ పురుగు విడిచే వాసనను పోలిన రసాయనాన్ని అందులో వాడతారు, దానికి మగ, ఆడ పురుగులు రెండూ వస్తాయి. 5 ఎకరాలకు ఒక బుట్ట చాలు. బుట్టను లేత మొక్కల మధ్య పెట్టకూడదు, కాపు చెట్టుకు కూడా తగిలించకూడదు. గట్టు మీద విడిగా గుంజ పాతి తగిలించాలి. వాసన పట్టి వచ్చిన పురుగులన్నీ బుట్టలోనే పడతాయన్న నమ్మకం లేదు, కొన్ని పక్కనే ఉన్న చెట్టు మీద వాలుతాయి. ఒక్క రైతు పెట్టిన బుట్ట ఊరి పురుగులన్నిటినీ అతని తోటకే పిలిచినట్టు కావచ్చు. చుట్టుపక్కల నలుగురైదుగురు కలిసి పెట్టుకున్నప్పుడే దీని ఫలితం పూర్తిగా అందుతుంది.

పురుగు మందుల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. పాత కరపత్రాల్లో మట్టల మొదళ్ళలో ఫోరేట్ గుళికలు వేయమనీ, కార్బరిల్ పొడి కలిపిన ఇసుక వేయమనీ ఉంటుంది. ఈ రెండూ నేడు మన దేశంలో నిషిద్ధం. కార్బరిల్‌ను 2018లోనే నిషేధించారు, ఫోరేట్ 2020 డిసెంబరు 31 తరువాత లేదు. ఇంట్లో మిగిలిన పాత డబ్బా ఉన్నా వాడకూడదు. ఉధృతి బాగా ఎక్కువగా ఉన్న లేత తోటల్లో క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 శాతం గుళికలను 5 గ్రాములు పట్టే చిల్లుల పొట్లంలో పోసి మట్ట మొదట్లో ఉంచే పద్ధతి ఉంది, దీన్ని కూడా స్థానిక ఉద్యాన అధికారి సలహాతోనే వాడాలి.

వెనక వచ్చే ఎర్రముక్కు పురుగు

కొమ్ము పురుగు కాపు చెట్టును చంపడం అరుదు. అది చేసిన గాయం వాసనకు వచ్చే ఎర్రముక్కు పురుగు చంపుతుంది. అది కూడా పెంకు పురుగే, ఇటుక రంగులో, పొడవాటి ముక్కుతో ఉంటుంది. గాయాల్లో, మొవ్వు మెత్తటి చోట్ల గుడ్లు పెడుతుంది. కాళ్ళు లేని దాని పిల్ల పురుగులు చెట్టు లోపలి కండను తింటూ నెలన్నర, రెండు నెలలు గడిపి, పీచుతో గూడు అల్లుకొని అందులోనే కోశస్థ దశకు వెళతాయి. గుడ్డు నుంచి కోశస్థ దశ దాకా ఇది ఉండేది చెట్టు లోపలే కనుక కుప్ప తిరగేసే ఉపాయం దీనికి పనిచేయదు. 5 నుంచి 20 ఏళ్ళ వయసు చెట్లకు ముప్పు ఎక్కువ. 1980ల నడుమ గల్ఫ్ దేశాల ఖర్జూర తోటలను పట్టి పీడించడం మొదలుపెట్టినది ఇదే పురుగు.

మాను మీద చిన్న రంధ్రాలు, వాటి నుంచి కారే గోధుమ రంగు జిగురు, నమిలిన పీచు, లోపలి మట్టలు పసుపు రంగుకు తిరగడం దీని గుర్తులు. తోటలో అలికిడి లేని తెల్లవారుజామున మానుకు చెవి ఆనించి ఊపిరి బిగబట్టి వింటే, తడి పీచును నములుతున్న కరకర శబ్దం వినబడుతుంది. ఒకసారి విన్నవారు మరచిపోలేరు. అప్పటికి ఇంకా మొవ్వు నిటారుగా ఉంటే చెట్టును కాపాడుకునే అవకాశం ఉంది. అన్నిటికంటే పైనున్న రంధ్రాన్ని వదిలి మిగతావన్నీ బంకమట్టితో గాని సిమెంటుతో గాని మూసి, లీటరు నీటికి 1 మిల్లీలీటరు ఇమిడాక్లోప్రిడ్ కలిపిన ద్రావణాన్ని పై రంధ్రం నుంచి గరాటుతో లోపలికి పోసి, దాన్ని కూడా మూసివేయాలి. వారం తరువాత మళ్ళీ వినాలి, శబ్దం ఉంటే మరోసారి పోయాలి. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు. మందు పోసిన చెట్టు గెలలను ముందే దింపుకోవాలి.

ఈ పురుగు రాకుండా చేసే జాగ్రత్తలు సులువైనవే, అయినా తోటల్లో ఎక్కువగా మీరేవి కూడా ఇవే. పచ్చి మట్టలు కొట్టకూడదు. కొట్టక తప్పకపోతే మాను నుంచి నాలుగడుగులు వదిలి కొట్టాలి, అప్పుడు కోసిన చోట పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు మానును చేరలేవు. ఎక్కడానికి మానుకు మెట్లు నరకకూడదు. ట్రాక్టరు తగిలినా, కత్తి తగిలినా గాయానికి వెంటనే మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయాలి.

పడిన చెట్లు

మొవ్వు వాలిపోయి తల ఒరిగిన చెట్టు ఇక బతకదు. దాన్ని అలాగే నిలబెట్టి ఉంచితే లోపలి ఎర్రముక్కు పురుగులన్నీ పెద్దవై బయటికి వస్తాయి, నరికి తోటలోనే పడవేస్తే కొద్ది నెలలకు మెత్తబడిన ఆ దుంగలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమలో, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో నేలకొరిగిన చెట్ల విషయంలోనూ ఇదే భయం. తుపాను రోజుల్లో ఇంటి పైకప్పు, పశువులు, తిండి గింజల తరువాతే దుంగల సంగతి గుర్తుకు వస్తుంది, అందులో తప్పేమీ లేదు. అయినా మాను మెత్తబడకముందే, ఆ వేసవి దాటకముందే, వాటి పని పూర్తి చేయాలి. తల భాగాన్ని మొదట చీల్చి లోపలి పురుగులనూ, పీచు గూళ్ళనూ తీసి కాల్చివేయాలి. మానును నిలువునా నాలుగు చీలికలుగా చీల్చి ఎండబెడితే పురుగు దానిలో పెరగదు, ఎండిన చీలికలు పొయ్యిలోకి గాని దడికి గాని పనికివస్తాయి. చీల్చడానికి మనుషులు దొరకని దుంగలకు గొడ్డలితో అక్కడక్కడ గంట్లు పెట్టి, ఆ గంట్లలో మెటారైజియం ద్రావణం పోసి, పైన తడి గడ్డి కప్పాలి. నేలలో మిగిలిన మొద్దును వేరుతో సహా పెకలించి, ఆ గుంటను ఎరువుతో కాక మట్టితో పూడ్చి, కొత్త మొక్కను అక్కడికి కొంత ఎడంగా నాటాలి.